వోల్టేజీ మార్చగల విద్యుత్ సిగరెట్లు: ఒకే పోలికగల సాధనాలలో ఎంపిక

పొగాకును కాల్చకుండా, నికోటిన్ కలిపిన ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి, దానినుండి లేచే తెల్లని మబ్బును పీల్చేందుకు తయారైన సాధనాన్ని విద్యుత్ సిగరెట్ అంటున్నారు. అరబ్బీలో దీనికి 'సీజారా ఇలెక్త్రూనియ్యా' అనీ, ఉర్దూలో 'బర్ఖీ సిగరెట్' అనీ పేర్లు. ఇది ధర్మసమ్మతమా, కాదా అని ముస్లిం పండితులు ఒకటిన్నర దశాబ్దంగా చర్చిస్తున్నారు. ఆ చర్చలలో విద్యుత్ సిగరెట్ అంటే ఏదో ఒక్క వస్తువు అన్నట్టు మాట్లాడటం పరిపాటి. నిజానికి అది ఒక్క వస్తువు కాదు. పైకి అచ్చంగా ఒకే విధంగా కనిపించే రెండు సాధనాలలో ఒకటి సిగరెట్ మానదలచిన మనిషికి తోడుపడవచ్చు. రెండవది అతని గొంతు మాడ్చి, వారం తిరగకముందే మళ్లీ సిగరెట్ పెట్టె దగ్గరకు పంపవచ్చు. తేడా ఎక్కడున్నదో సాధనం లోపలికి చూస్తేగాని తెలియదు.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయవలసి ఉంది. భారతదేశంలో ఈ ఎంపిక అన్న ప్రశ్నే లేదు. 2019 సెప్టెంబరు 18న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా విద్యుత్ సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటనలను నిషేధించింది. అదే సంవత్సరం డిసెంబరులో అది చట్టమయింది. కనుక ఇక్కడ వ్రాస్తున్నది అవి చట్టబద్ధంగా దొరికే దేశాలకు సంబంధించినది. బ్రిటన్‌లోనూ, 2019 నుండి అమ్మకానికి అనుమతించిన ఐక్య అరబ్ ఎమిరేట్లలోనూ తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో సిగరెట్ మానాలని ఈ సాధనాల వైపు చూసేవారికి ఈ విషయం అక్కరకు రావచ్చు. సిగరెట్ అలవాటే లేనివారు దీని జోలికి పోనక్కరలేదు. వారికి ఇందులో ఒరిగేది ఏమీ లేదు.

ఈనాటి రూపంలో ఈ సాధనాన్ని కనిపెట్టినవాడు చైనా ఔషధ నిపుణుడు హోన్ లిక్. అతడు స్వయంగా సిగరెట్లు విపరీతంగా కాల్చేవాడు. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించాడు. 2003లో అతడు రూపొందించిన సాధనానికి 'రూయాన్' అని పేరు పెట్టారు. ఆ చైనా మాటకు పొగవంటిది అని అర్థం. తరువాతివారు పెట్టిన అనేక పేర్లకంటే ఈ పేరే నిజాయితీగా ఉన్నది. ఎందుకంటే వెలువడేది పొగ కాదు, కచ్చితంగా చెప్పాలంటే ఆవిరి కూడా కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే రెండు ద్రవాలు వేడికి ఆవిరై, వెంటనే చల్లబడి, కంటికి కనిపించే సన్నని తుంపరగా మారుతాయి. శీతకాలం ఉదయం నోటినుండి వెలువడే మంచు ఎటువంటిదో ఇదీ అటువంటిది. కాని ఇందులో నికోటిన్, సువాసన ద్రవ్యాలు, వేడి ఎక్కువైనపుడు మరికొన్ని అవాంఛనీయ రసాయనాలు కూడా ఉంటాయి. ఆ "వేడి ఎక్కువైనపుడు" అన్న మాటలోనే అసలు సంగతి ఉన్నది.

లోపలి అమరిక సులభమైనది. ఒక బ్యాటరీ, ఒక సన్నని లోహపు తీగను చుట్టిన కాయిల్, ఆ కాయిల్‌కు ద్రవాన్ని అందించే వత్తి, ద్రవం నిలువ ఉండే చిన్న తొట్టి. (కాయిల్‌ను 'చుట్ట' అని తెనిగించవచ్చును గాని, పొగాకును గురించి వ్రాసేటప్పుడు ఆ మాట పాఠకుణ్ణి మరెక్కడికో తీసుకుపోతుంది.) మీట నొక్కితే తీగ కాలుతుంది. వత్తిలోని ద్రవం ఆవిరవుతుంది. ఖాళీ అయిన చోటికి తొట్టినుండి మరికొంత ద్రవం వత్తి వెంట పాకుతుంది. ఇంటిలో నూనె దీపం వెలిగించేవారికి ఇది కొత్త కాదు. నూనె అందుతున్నంతసేపు వత్తి నిలుస్తుంది. నూనె అందకపోతే వత్తే కాలుతుంది.

మొదట వచ్చిన సాధనాలలో వేడి స్థిరం. వాడేవాడు దానిని మార్చలేడు. 2010 తరువాత వోల్టేజీని మార్చుకోగల సాధనాలు ప్రచారంలోకి వచ్చాయి. 2012 ప్రాంతంలో వీటిలో జనాదరణ పొందిన రెండింటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒకటి షెన్‌జెన్ నగరానికి చెందిన జాయెటెక్ సంస్థ తయారుచేసిన ఈగో-సి ట్విస్ట్. రెండవది విజన్ స్పిన్నర్. రెండూ లావుపాటి కలం ఆకారంలో ఉంటాయి. రెండింటికీ అడుగున తిప్పే చక్రం ఉంటుంది. ట్విస్ట్ చక్రంపై 3.2 నుండి 4.8 వరకు, స్పిన్నర్ చక్రంపై 3.3 నుండి 4.8 వరకు అంకెలు. రెండింటికీ పైన ఒకే కొలత మర. ఒకదాని తొట్టి రెండవదానికి సరిపోతుంది. కొనేవాడికి మిగిలే తేడా రంగు, ధర, బ్యాటరీ నిలువ అంతే అనిపిస్తుంది. ఈ రెండు సాధనాలూ నేటి దుకాణాలలో ప్రధాన సరుకు కాకపోయినా, ఈ తరగతి అంతరించలేదు. బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుండి ఒకసారి వాడి పారవేసే సాధనాల అమ్మకం నిషిద్ధమయింది. అందువలన ద్రవం నింపుకుని, కాయిల్ మార్చుకుని వాడేవాటి వైపు కొనుగోలుదారులు తిరిగి చూడవలసి వచ్చింది. పాత ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది.

చక్రంపై ఉన్న అంకె వోల్టులను తెలుపుతుంది. కాని తీగ ఎంత కాలుతుందన్నది వోల్టులపైన మాత్రమే ఆధారపడదు. తీగ విద్యుత్తుకు కలిగించే నిరోధం, అంటే ఓమ్‌లు కూడా లెక్కలోకి వస్తాయి. వోల్టులను వోల్టులతోనే గుణించి, ఓమ్‌లతో భాగిస్తే వాట్లు వస్తాయి. వేడిని నిర్ణయించేవి ఈ వాట్లు. పాఠశాలలో చదివిన ఓమ్ నియమమే ఇది. ఇంతకుమించి గణితం అవసరం లేదు.

ఉదాహరణకు ఇద్దరు మిత్రులు ఒకే రకం సాధనం కొని, ఇద్దరూ 3.7 వోల్టుల దగ్గర ఉంచారనుకుందాం. ఒకని కాయిల్ 2.4 ఓమ్‌లది. అతనికి అందేది సుమారు 5.7 వాట్లు. రెండవవాని కాయిల్ 1.8 ఓమ్‌లది. అతనికి అందేది 7.6 వాట్లు. చక్రంపై అంకె ఒక్కటే, వేడి మాత్రం మూడింట ఒక వంతు ఎక్కువ. ఇద్దరూ 4.8కు తిప్పితే మొదటివానికి 9.6, రెండవవానికి 12.8 వాట్లు. కనుక "నేను నాలుగున్నరమీద వాడుతున్నాను, నీవూ అంతే పెట్టుకో" అని ఒకరు మరొకరికి ఇచ్చే సలహాకు అర్థం లేదు. కాయిల్ ఓమ్‌లు చెప్పకుండా వోల్టులు చెప్పటం గిన్నె కొలత చెప్పకుండా నీళ్లు ఎన్ని గిన్నెలు పోయాలో చెప్పినట్లుంటుంది.

ఈ గజిబిజి తప్పించటానికే తరువాతి కాలంలో వాట్లనే నేరుగా నిర్ణయించుకునే సాధనాలు వచ్చాయి. అవి కాయిల్ నిరోధాన్ని తామే కొలిచి, కోరిన వాట్లకు తగిన వోల్టేజీని తామే లెక్కకట్టుకుంటాయి. ఒకే పోలికగల రెండింటిలో ఒకటి కాయిల్ ఓమ్‌లను కొలిచి చూపేదీ, రెండవది చూపనిదీ అయితే మొదటిదానికి కొంత ఎక్కువ వెల ఇవ్వటం దుబారా కాదు. కాయిల్ పాతబడితే, మర సరిగా బిగియకపోతే, నిరోధం పెట్టెపై వ్రాసినదానికంటే మారిపోతుంది. కొలిచే సాధనం ఆ సంగతి చెబుతుంది. కొలవనిది చెప్పదు.

దీనికంటే సూక్ష్మమైన మరొక తేడా ఉన్నది. దుకాణదారులు దీనిని సాధారణంగా ప్రస్తావించరు, పెట్టెమీద కూడా వ్రాసి ఉండదు. నిండుగా ఛార్జి అయిన లిథియం బ్యాటరీ 4.2 వోల్టులు ఇస్తుంది. వాడుతున్న కొద్దీ అది 3.2 దాకా దిగుతుంది. మరి 4.8 వోల్టులు ఎక్కడినుండి వస్తాయి? లోపలి సర్క్యూట్ బ్యాటరీ వోల్టేజీని ఎక్కించి ఇస్తుంది. తక్కువ కావలసినపుడు తగ్గించి ఇస్తుంది. ఈ తగ్గింపును రెండు విధాలుగా చేయవచ్చు. మంచి సర్క్యూట్ అడిగిన వోల్టేజీని నిలకడగా ఇస్తుంది. చౌక సర్క్యూట్ మాత్రం ఎక్కువ వోల్టేజీని సెకనుకు అనేకసార్లు వేసి ఆర్పుతూ, సగటున అడిగిన అంకె వచ్చేటట్లు చూస్తుంది. సగటు సరిపోయింది గదా, ఇక అభ్యంతరమేమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది.

అభ్యంతరం లెక్కలో ఉన్నది. ఒక సాధనం 6 వోల్టులను మూడింట రెండు వంతుల కాలం వేసి, ఒక వంతు కాలం ఆర్పుతున్నదనుకుందాం. సగటు 4 వోల్టులు. చక్రంపై అంకె కూడా 4. కాయిల్ 2 ఓమ్‌లది అయితే, నిలకడగా 4 వోల్టులు ఇచ్చే సాధనం దానికి 8 వాట్లు అందిస్తుంది. కాని ఈ రెండవ సాధనం వెలిగి ఉన్న సమయంలో 6 వోల్టుల లెక్కన 18 వాట్లు ఇస్తున్నది. అందులో మూడింట రెండు వంతులు అంటే 12 వాట్లు. ఎనిమిది కావలసినచోట పన్నెండు. వేడి వోల్టుల వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, సగటు వోల్టులు వేడికి సరైన కొలమానం కావు. గణితజ్ఞులు వర్గమధ్యమ మూలం అనేది దీనికోసమే. ఇటువంటి సాధనాలు 2012, 2013 సంవత్సరాలలో గణనీయంగానే అమ్ముడుపోయాయి. వాడినవారు "దీనిలో తక్కువ అంకెలోనే రుచి మాడుతున్నది" అని చెప్పుకున్నారేగాని, అంకె చెప్పేదీ కాయిల్‌కు అందేదీ వేరని చాలామంది ఎరుగరు. మామూలు వోల్టుమీటరుతో కొలిచినా అది కూడా సగటునే చూపుతుంది గనుక మోసం బయటపడదు. మోసం అన్నమాట కొంచెం కఠినమే. తయారుచేసినవారిలో కొందరికి అది ఖర్చు తగ్గించే ఉపాయం మాత్రమే కావచ్చు. పీల్చేవాని గొంతుకు ఆ తారతమ్యం తెలియదు.

సాధనం ఏ రకానిదో తెలుసుకునేందుకు సామాన్యునికి ఒక దారి ఉంది. మీట నొక్కినపుడు కాయిల్ నుండి వచ్చే చిటపటలో స్పష్టమైన గరగర లేదా అదురు వినిపిస్తే, వోల్టేజీ వేసి ఆర్పుతున్నదని అనుమానించవచ్చు. ఇది రుజువు కాదు, సూచన మాత్రమే. ఏ సాధనమైనా కొత్తగా చేతికి వచ్చినపుడు చక్రాన్ని అతి తక్కువ అంకె దగ్గర ఉంచి, అక్కడినుండి కొద్దికొద్దిగా పెంచుకోవాలి. పాత సాధనంపై అలవాటైన అంకెను కొత్తదానిపై పెట్టరాదు.

వేడి అంతగా ఎందుకు పట్టించుకోవాలో ఒక వివాదం బాగా తెలియజేస్తుంది. 2015 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న లేఖ ప్రచురించారు. వోల్టేజీ మార్చగల ఒక సాధనాన్ని 3.3 వోల్టుల దగ్గర పరీక్షించినపుడు ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేయగల పదార్థాలు కనబడలేదు. 5.0 వోల్టుల దగ్గర పది పీల్పులకు సగటున 380 మైక్రోగ్రాములు కనబడ్డాయి. ఈ లెక్కన రోజుకు 3 మిల్లీలీటర్ల ద్రవం వాడేవాడు 14 మిల్లీగ్రాములకు పైగా పీలుస్తాడని వారు అంచనా కట్టారు. ఒక పెట్టె సిగరెట్లలో ఇది 3 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుందని పోల్చారు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. పత్రికలు గగ్గోలు పెట్టాయి. విద్యుత్ సిగరెట్ మామూలు సిగరెట్‌కంటే ప్రమాదకరమన్న శీర్షికలు దేశదేశాలలో వెలువడ్డాయి.

గ్రీసు దేశపు హృద్రోగ నిపుణుడు కొన్‌స్తాంతినోస్ ఫర్సాలినోస్, అతని సహచరులు దీనికి అభ్యంతరం చెప్పారు. 5 వోల్టుల దగ్గర ఆ చిన్న తొట్టిలోని వత్తి ద్రవాన్ని అందించలేదు, ఎండిపోయి మాడుతుంది, మాడిన వత్తినుండి వచ్చేదాన్ని యంత్రం పీల్చగలదుగాని మనిషి ఒక్కసారికంటే పీల్చలేడు అన్నది వారి వాదన. మాడిన రొట్టెను ప్రయోగశాలలో విశ్లేషించి రొట్టె తినరాదని తేల్చినట్లున్నదని దీని సారాంశం. 2017లో వారు అదే రకం తొట్టిని అనుభవజ్ఞులైన వాడుకదారులకు ఇచ్చి చూశారు. 4.2 వోల్టులు చేరేసరికే వారిలో అత్యధికులు మాడు రుచిని గుర్తించారు. ఫార్మాల్డిహైడ్ భారీగా పెరిగినది కూడా ఆ మాడు దశలోనే.

ఈ వివాదంలో ఉభయపక్షాలకూ కొంత న్యాయం ఉన్నది. మాడిన వత్తిని ఎవరూ రోజంతా పీల్చరన్నది నిజమే. కాని మాడటానికి ఒక మెట్టు క్రింద, రుచి కొంచెం చెడి, అలవాటువలన పట్టించుకోకుండా పీల్చే దశ ఒకటుంటుంది. గాఢమైన తీపి, పుదీనా సువాసనలు ఆ చెడిన రుచిని కొంతవరకు కప్పివేయగలవు. పొగ త్రాగి త్రాగి రుచి మొద్దుబారినవాడు దానిని ఆలస్యంగా గుర్తిస్తాడు. అందుచేత నాలుకనే ఏకైక కాపలాదారుగా నమ్ముకోవటం అంత క్షేమం కాదు. ఉభయులూ అంగీకరించే విషయం ఒకటున్నది. అదే సాధనం, అదే ద్రవం తక్కువ వేడిలో ఒక వస్తువు, ఎక్కువ వేడిలో మరొక వస్తువు. ఆ రెండింటి నడుమ దూరం చక్రం ఒక తిప్పు మాత్రమే.

ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ త్రాగే స్త్రీల అంగిలిపై కలిగే మార్పులను వైద్యులు దశాబ్దాల క్రితమే అధ్యయనం చేశారు. నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకోవటం వలన అక్కడ హాని వేరొక చోట, వేరొక విధంగా కలుగుతుంది. పొగాకు అదే, పద్ధతి మారితే హాని మారింది. కనుక పదార్థంతో పాటు అది ఎంత వేడిలో, ఎలా శరీరాన్ని చేరుతున్నదో చూడవలసి ఉంటుందన్నది తెలుగువారికి బొత్తిగా కొత్త పాఠం కాదు.

వేడితో పాటు నికోటిన్ మోతాదు కూడా మారుతుంది. హుక్కా పొగపై ఏళ్ల తరబడి పరిశోధించిన బైరూత్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, అమెరికా సహచరులతో కలిసి 2015లో ఈ విషయాన్ని పరిశీలించారు. వోల్టేజీ, పీల్పు నిడివి, ద్రవంలోని నికోటిన్ గాఢత మారుస్తూ పోతే, పదిహేను పీల్పులలో వెలువడే నికోటిన్ పరిమాణం ఒక స్థితికీ మరొక స్థితికీ యాభై రెట్లకుపైగా తేడా ఉన్నదని తేల్చారు. సీసాపై వ్రాసిన మిల్లీగ్రాములు చూసి తనకెంత చేరుతున్నదో తెలుసుకున్నాననుకోవటం పొరపాటు. యూరోపియన్ యూనియన్ 2014 నిర్దేశం ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించరాదనీ, తొట్టి 2 మిల్లీలీటర్లు మించరాదనీ నియమించింది. బ్రిటన్ కూడా ఆ హద్దులనే తన నిబంధనలలో చేర్చుకున్నది. అయితే ఆ నిబంధన చక్రాన్ని ఎంత తిప్పాలో చెప్పదు.

ఇక్కడొక చిక్కు కూడా ఉంది. కొత్తగా మారినవాడు నికోటిన్ చాలక చక్రాన్ని పైకి తిప్పుతాడు. అతనికి కావలసినది ఎక్కువ వేడి కాదు, గాఢత కొంచెం ఎక్కువున్న ద్రవం. రోజుకు ఒక పెట్టె కాల్చేవాడు 6 మిల్లీగ్రాముల ద్రవంతో మొదలుపెట్టి, చాలలేదని 4.8 వోల్టులకు పోయి, గొంతు మండి, ఇది నాకు సరిపడదని సిగరెట్‌కు తిరిగిపోవటం దుకాణదారులు తరచు చూసే కథ. అటువంటివానికి 18 మిల్లీగ్రాముల ద్రవం, 2 ఓమ్‌లకు పైబడిన కాయిల్, 3.5 వోల్టుల ప్రాంతం సరిపోయి ఉండేది. సుమారు 6 వాట్లు. నిదానంగా, పొడవుగా మూడు నాలుగు సెకన్లు పీల్చటం అతడు నేర్చుకోవాలి. సిగరెట్‌ను లాగినట్లు గబగబా లాగితే తొట్టిలోని ద్రవం నోటికి వస్తుంది.

బ్యాటరీని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. 650 మిల్లీయాంపియర్ అవర్ల బ్యాటరీ 8 వాట్ల దగ్గర, నష్టాలు తీసివేయకుండా, పద్దెనిమిది నిమిషాలు కాలగలదు. మూడు సెకన్ల పీల్పులుగా లెక్కిస్తే మూడు వందల అరవై. సర్క్యూట్‌లో పోయేది తీసివేస్తే మూడు వందలు అనుకోవచ్చు. ఎక్కువమందికి ఒక రోజు వస్తుంది. 1300 అయితే దానికి రెట్టింపు, బరువు కూడా కొంత ఎక్కువ. కరెంటు పరిమితి మాత్రం అడిగి తెలుసుకోవాలి. సాధనం 2.5 యాంపియర్లు మించి ఇవ్వదనుకుంటే, 1.5 ఓమ్‌ల కాయిల్‌కు 3.75 వోల్టులకంటే పోనివ్వదు. అటువంటప్పుడు చక్రంపై 4.8 అన్నది అలంకారమే. అయిదుసార్లు నొక్కితే ఆగిపోయే ఏర్పాటు, కొన్ని సెకన్లు మించి నొక్కి ఉంచితే తానే ఆగే ఏర్పాటు, షార్ట్ సర్క్యూట్ రక్షణ ఉన్నవి లేనివి చూసుకోవాలి. చక్రం మరీ వదులుగా ఉంటే జేబులోనే తిరిగిపోతుంది. పీల్చేవాడు 3.5 అనుకుంటాడు, అది 4.8 మీద ఉంటుంది. ఒకే పోలికగల రెండింటిలో చక్రం కొంచెం బిగుతుగా తిరిగేదాన్ని తీసుకోవటం ఈ లెక్కలన్నిటికంటే తక్కువ విలువైన సలహా కాదు. ఛార్జరు సాధనంతో వచ్చినదే వాడాలి.

వోల్టేజీ మార్చగల కలం ఆకారపు బ్యాటరీలను గంజాయి నూనెకు కూడా వాడుతున్నారు. 2019లో అమెరికాలో ఊపిరితిత్తుల వ్యాధి ఒకటి ప్రబలి, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది మరణించారు. ప్రధాన కారణం దొంగ బజారులోని గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అని తేలింది. నికోటిన్ ద్రవానికీ దానికీ ముడిపెట్టటం తప్పు. కాని వాడిన బ్యాటరీని, తొట్టిని ఇతరులనుండి కొనటం ఎందుకు తగదో ఆ సంఘటన చెబుతుంది.

ఈ సాధనాలు సిగరెట్ మానటానికి ఉపకరిస్తాయా అన్నదానికి బ్రిటన్‌లో 886 మందిపై జరిపిన పరీక్ష 2019లో వెలువడింది. ఒక సంవత్సరం తరువాత సిగరెట్‌కు దూరంగా ఉన్నవారు విద్యుత్ సిగరెట్ వాడినవారిలో 18 శాతం, నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్ వంటివి వాడినవారిలో 9.9 శాతం. దాదాపు రెట్టింపు. అయితే అదే పరీక్షలో మరొక అంకె ఉన్నది. మానగలిగినవారిలో విద్యుత్ సిగరెట్ వర్గంలో 80 శాతం మంది సంవత్సరం తరువాత కూడా ఆ సాధనాన్ని వాడుతూనే ఉన్నారు. రెండవ వర్గంలో తమకిచ్చిన దానిని ఇంకా వాడుతున్నవారు 9 శాతమే. మొదటి అంకెను చెప్పి రెండవదాన్ని వదిలేవారూ ఉన్నారు, రెండవదాన్ని చెప్పి మొదటిదాన్ని దాచేవారూ ఉన్నారు.

పండితుల చర్చకు ఈ లెక్కలతో సంబంధం ఇక్కడే ఏర్పడుతుంది. పొగాకు ముస్లిం దేశాలకు చేరిన పదిహేడవ శతాబ్ది ఆరంభంనుండి దానిపై ఏకాభిప్రాయం లేదు. ఉస్మానీ సుల్తాన్ నాలుగవ మురాద్ 1633లో దానిని నిషేధించాడు. అదే శతాబ్దిలో దమస్కస్ పండితుడు అబ్దుల్ ఘనీ నాబులుసీ దాని అనుమతిని సమర్థిస్తూ గ్రంథం వ్రాశాడు. నాడు దాని హాని కొలతకు అందలేదు. నేడు అందుతున్నది. మలేషియా జాతీయ ఫత్వా మండలి 2015 డిసెంబరులోనూ, ఇండోనేషియాలోని ముహమ్మదియా సంస్థ 2020 జనవరిలోనూ విద్యుత్ సిగరెట్‌ను హరామ్‌గా ప్రకటించాయి. రెండు కీడులు ఎదురైనపుడు పెద్దదాన్ని తప్పించేందుకు చిన్నదాన్ని సహించవచ్చునన్న ఫిఖ్‌హ్ సూత్రం ఆధారంగా, సిగరెట్ మానేవానికి మాత్రం కొంత వెసులుబాటు ఉండాలని వాదించేవారు ఉన్నారు.

ఆ వాదం చేసేవారు ఒక మాట గమనించాలి. చిన్న కీడు అన్నది సాధనం పేరుతోనే సిద్ధించదు. సిగరెట్‌ను పూర్తిగా వదిలినపుడు, వత్తి తడిగా ఉన్నపుడు, వాట్లు కాయిల్‌కు తగినట్లున్నపుడు అది చిన్న కీడు. పగలు సాధనం, రాత్రి సిగరెట్ అన్నవానికి రెండు కీడులలో ఒకటి ఎన్నుకున్నట్లు కాదు, రెండూ కూడినట్లు. అలాగే 12 వాట్ల దగ్గర ఎండిన వత్తిని పీల్చేవానికి ఆ సూత్రం వర్తిస్తుందో లేదో చెప్పేముందు ముఫ్తీ అతని కాయిల్ ఓమ్‌లు అడగవలసి వస్తుంది. ఇది పరిహాసానికి అంటున్నది కాదు. రోగి ఉపవాసం విడువవచ్చునా అన్న ప్రశ్నకు వైద్యుని మాట తీసుకున్నట్లే, ఇక్కడ సాధనమెరిగినవాని మాట తీసుకోవాలి. రమదాన్ పగటివేళ మాత్రం మినహాయింపుకు తావు లేదు. ఆ తుంపర నికోటిన్‌ను మోసుకుని లోనికి పోతున్నది గనుక ఉపవాసం భంగమవుతుంది. గ్లిజరిన్ మొక్కలనుండి తీసినదేనా అన్నది సీసాపై చూసుకోవచ్చు.

చివరగా, సెలవులకు స్వదేశం వచ్చేవారి సంగతి. భారతదేశంలో దిగుమతి నిషేధాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే ఒక సంవత్సరం వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తరువాతి నేరానికి మూడు సంవత్సరాల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. సింగపూర్‌లో 2018 ఫిబ్రవరి నుండి దగ్గర ఉంచుకోవటం కూడా నేరమే. ఆ మార్గాన విమానం మారేవారు ఇది తెలుసుకోవాలి. సాధనంతో సిగరెట్ మానినవాడు రెండు నెలలకు హైదరాబాదు వచ్చి, సాధనం లేక, మొదటి వారంలోనే బడ్డీకొట్టు దగ్గర నిలబడటం అసంభవమేమీ కాదు. ప్రయాణానికి కొన్ని వారాల ముందునుండే చక్రాన్ని అక్కడే ఉంచి, ద్రవంలోని నికోటిన్‌ను 18 నుండి 12కు, 12 నుండి 6కు తగ్గించుకుంటూ రావాలి. నికోటిన్ చూయింగ్ గమ్ ఇక్కడి మందుల షాపులలో దొరుకుతుంది. పొగాకు మానదలచినవారికి సలహా ఇచ్చే జాతీయ ఫోను 1800-11-2356, దానికి ఛార్జీ లేదు.